ట్యూబ్ లైట్ కింద పరిగెత్తే పిల్లల్ని బ్లర్ లేకుండా ఫోటో తీయడం ఎలా

మన ఇళ్లల్లో పిల్లల ఫోటోలు తీయాలనిపించే టైమే చీకటి పడ్డాక. భోగిపళ్లు పోసేది సాయంత్రం, బర్త్‌డే కేక్ కోసేది రాత్రి, అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చాక పిల్లలు హాల్లో గెంతులేసేదీ అప్పుడే. ఒక ట్యూబ్ లైటు, రెండు ఎల్ఈడీ బల్బులు వెలుగుతుంటే మన కంటికి అంతా బాగానే కనిపిస్తుంది గానీ కెమెరాకి అది చీకటే, బయట ఎండతో పోలిస్తే ఆ వెలుతురు ఐదొందలో వంతో వెయ్యో వంతో ఉంటుంది అంతే.

వెలుతురు చాలక కెమెరా ఏం చేస్తుందంటే ఆటోలో వదిలేస్తే షటర్‌ని (వెలుగుని లోపలికి వదిలే తెరని) ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, 1/30 సెకను అనుకోండి. మూడేళ్ల పిల్లాడు పరిగెత్తితే సెకనుకి రెండు మీటర్లు ఈజీగా పోతాడు, అంటే ఆ 1/30లో దాదాపు ఏడు సెంటీమీటర్లు జరిగిపోతాడు, వాడి ముఖమే అంతకి రెండింతలు ఉండదు, ఇంక కళ్లెక్కడ ముక్కెక్కడ. అదే 1/250 పెడితే జరిగేది సెంటీమీటర్ లోపే. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అనుకోకండి, అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది, పిల్లాడి పరుగుని ఆపదు.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే, నాయిస్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, గ్రెయిన్ అన్నా అదే) వస్తే రానివ్వండి, బ్లర్ మాత్రం రానివ్వకండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత ఎక్కువగా స్పందించాలో చెప్పే అంకె) 3200 పెడితే గ్రెయిన్ వస్తుందని భయపడి 400లో ఉంచుతారు చాలామంది, తీరా చూస్తే ఫోటో క్లీన్‌గా ఉంటుంది, పిల్లే కనపడదు. గ్రెయిన్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు తగ్గించొచ్చు, 4x6 ప్రింట్ వేస్తే అసలు ఎవరూ పట్టించుకోరు కూడా. కదిలిపోయిన కళ్లని మాత్రం మళ్లీ తెచ్చుకోలేం.

షటర్ స్పీడ్‌లు నేను ఇలా పెట్టుకుంటా: కూర్చుని బ్లాక్స్ పేర్చుకుంటుంటే 1/125, అటూఇటూ నడుస్తుంటే 1/200, పరిగెత్తితే 1/250కి తగ్గకుండా, మంచం మీద ఎగురుతుంటే 1/500. మన ఎదురుగా వచ్చే పిల్ల కంటే అడ్డంగా పోయే పిల్లకి ఎక్కువ స్పీడ్ కావాలి, కాబట్టి వెలుతురు మరీ తక్కువ ఉంటే మీరు హాలు చివర కింద కూర్చుని పిల్లని మీ వైపు రమ్మని పిలవండి, సగం సమస్య అక్కడే తీరుతుంది.

కెమెరా ముట్టుకునే ముందు రూము సంగతి చూడండి, నా లెక్కలో సెట్టింగుల కంటే ఇదే పెద్ద పని. ఇంట్లో తెల్ల ట్యూబ్ లైటూ పసుపు బల్బులూ కలిసి వెలుగుతుంటే పిల్ల ముఖం ఒక చెంప నీలంగా ఇంకో చెంప పసుపుగా వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో సరిచేయడం నరకం, అందుకని ఒకే రంగు లైట్లు వేసి మిగతావి ఆపేయండి. ట్యూబ్ లైటు గోడకి ఉంటుంది కదా, మీరు ఆ గోడకి ఆనుకుని నిలబడి, పిల్ల మీ వైపు తిరిగి ఉండేట్టు చూస్కోండి, అప్పుడు వెలుగు నేరుగా ముఖం మీద పడుతుంది. పిల్లని "ఇక్కడ నిలబడు" అంటే నిలబడదు, బొమ్మల బుట్ట తెచ్చి వెలుగున్న చోట పెడితే తనే వస్తుంది. సీలింగ్‌లో చిన్న లైట్లు మాత్రమే ఉన్న ఫ్లాట్ అయితే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, కింద ఒక తెల్ల దుప్పటి పరిచి దాని మీద ఆడనివ్వండి, ఆ తెలుపు నుంచి వెలుగు పైకి కొట్టి ముఖం తేటగా వస్తుంది. పగలైతే ఇవేం అక్కర్లేదు, కర్టెన్ మొత్తం తీసేసి, లైట్లు ఆపేసి, కిటికీకి దగ్గరగా ఆడనిస్తే చాలు.

భోగిపళ్ల సంగతే తీస్కోండి. కుర్చీ ఎక్కడ వేయాలో ముందే మీరు చెప్పాలి, అందరూ వచ్చి కూర్చున్నాక జరపడం అయ్యే పని కాదు. పేరంటాళ్లు చుట్టూ మూగితే పైనుంచి వచ్చే వెలుగంతా వాళ్ల చేతులకీ చీరలకీ ఆగిపోతుంది, కాబట్టి "అత్తయ్యా, కొంచెం ఈ పక్కకొచ్చి పోయండి" అని మొహమాటం లేకుండా అడగండి, మంచి ఫోటో వస్తుందంటే ఎవరూ కాదనరు. ఇంక రేగిపళ్లు, చెరుకుముక్కలు, చిల్లర నాణేలు, పూలరేకులు అన్నీ తల మీద నుంచి జారుతుంటాయి. ఒక అడుగు ఎత్తు నుంచి పడ్డ రేగిపండు తల దగ్గరికొచ్చేసరికి సెకనుకి రెండు మీటర్ల పైనే వేగంలో ఉంటుంది, అంటే 1/60లో అది నాలుగు సెంటీమీటర్ల గీతలా వస్తుంది, 1/250లో ఒక సెంటీమీటరే సాగుతుంది, ముఖం షార్ప్‌గా ఉండి పళ్లు కొంచెం కదులుతున్నట్టు రావడం నాకైతే చాలా ఇష్టం, పండు పండుగా గాల్లో ఆగిపోవాలంటే 1/500 పైకి పోవాలి.

ఇక్కడ చాలామంది తొందరపడేది ఏంటంటే పళ్లు పోస్తున్న క్షణంలోనే నొక్కేస్తారు, అప్పుడు పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని ఉంటుంది. ఆ ఫోటో ఒకటి రెండు తీసుకోండి, కానీ వేలు తీయకండి, పోయడం ఆగిన వెంటనే కళ్లు తెరిచి ఒళ్లో పడ్డ నాణేల కోసం చూస్తుంది చూడండి, అదీ ఫోటో. ఆ తర్వాత మిగతా పిల్లలంతా కింద పడ్డ చిల్లర కోసం ఎగబడతారు, దానికి మీరు ముందే నేల మీద కూర్చుని రెడీగా ఉండాలి.

లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా, డీఎస్ఎల్ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ ఉంటే మాన్యువల్ మోడ్‌లో షటర్ 1/250, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్ఓ మాత్రం ఆటోలో పెట్టి గరిష్ఠం 6400 ఇచ్చేయండి, ఇంక దాని సంగతి మర్చిపోయి పిల్లల్ని చూడొచ్చు. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ని జూమ్ చేస్తే ఆ రంధ్రం ఎఫ్ 5.6కి మూసుకుపోతుంది (ఎఫ్ అంకె పెద్దదైతే రంధ్రం చిన్నదని అర్థం), మామూలు హాల్లో రాత్రి ఐఎస్ఓ 1600 దగ్గర దాంతో 1/30 కంటే ఎక్కువ రాదు, అదే ఎఫ్ 1.8 లెన్స్ పెడితే దాదాపు పదింతల వెలుగు లోపలికొస్తుంది, అదే ఐఎస్ఓలో 1/300 దాకా పోవచ్చు. కొత్త కెమెరా బాడీ కొనాలనుకునే డబ్బులు ఉంటే ముందు 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనండి, అది చాలా కంపెనీల్లో చవకైన లెన్సుల్లో ఒకటి. మీ కెమెరాలో ఏపీఎస్-సి అనే చిన్న సైజు సెన్సర్ ఉంటే మన ఫ్లాట్ల హాల్లో 50 మరీ ఇరుకైపోతుంది, 35 ఎంఎం హాయిగా ఉంటుంది. లెన్స్ కొనలేం అనుకుంటే కిట్ లెన్స్‌నే 18 దగ్గర ఉంచి, అప్పుడది ఎఫ్ 3.5 ఇస్తుంది, జూమ్‌కి బదులు మీరే నాలుగడుగులు ముందుకెయ్యండి.

ఎఫ్ 1.8తో ఒక చిక్కు ఉంది. రెండు మీటర్ల దూరంలో 50 ఎంఎంతో షార్ప్‌గా వచ్చే లోతు సెన్సర్‌ని బట్టి పది నుంచి పదిహేడు సెంటీమీటర్లు ఉంటుందంతే, అన్న మీద ఫోకస్ పడితే వెనకున్న చెల్లి మసకే. ఇద్దరుంటే ఎఫ్ 2.8కి రండి, ఇద్దరూ మీకు ఒకే దూరంలో ఉన్నప్పుడు నొక్కండి. ఫోకస్ మాత్రం కంటిన్యువస్‌లో (కదిలే పిల్ల వెంట ఫోకస్ కూడా కదిలే మోడ్‌లో) ఉండాలి, నికాన్, సోనీలో ఏఎఫ్-సి అంటారు, కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో ఏఐ సర్వో. కంటిని గుర్తుపట్టి దాని మీదే ఫోకస్ పెట్టే ఐ డిటెక్షన్ ఉంటే ఆన్ చేసేయండి, పిల్లల విషయంలో ఇంతకంటే పనికొచ్చే ఫీచర్ ఇంకోటి లేదు.

వరసగా తీసిన ఫోటోల్లో ఒకటి వెలుగ్గా, పక్కదే డల్‌గా, ఇంకోటి కొంచెం ఆకుపచ్చగా వస్తుంటే కెమెరా పాడైందనుకోకండి. మన కరెంట్ 50 హెర్ట్జ్, అంటే పాత చోక్ ట్యూబ్ లైట్లు, కొన్ని చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి, 1/250లో ఆ ఎత్తుపల్లాల్లో ఏదో ఒక ముక్కే దొరుకుతుంది. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి, ఎలక్ట్రానిక్ షటర్ మానేసి మెకానికల్ వాడండి, ఏదీ కుదరకపోతే పిల్ల కాస్త నెమ్మదించినప్పుడు 1/100 పెట్టండి, ప్రతి ఫోటో ఒకేలా వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి అక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి 1/120 దగ్గర్లో చూస్కోవాలి.

ఫ్లాష్ అంటే చాలామంది ఆమడ దూరం పారిపోతారు, కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ నేరుగా ముఖానికి కొడితే ఎవరికైనా విరక్తే వస్తుంది. కానీ తల తిప్పే వీలున్న ఫ్లాష్ పైన పెట్టి తెల్ల సీలింగ్ వైపు తిప్పండి, వెలుగు పైన పడి రూమంతా మెత్తగా పరుచుకుంటుంది, పైగా ఆ మెరుపు ఉండేది చాలా తక్కువసేపు కాబట్టి కదలిక తనంతట తానే ఆగిపోతుంది. ఫాల్స్ సీలింగ్‌కి గులాబీయో పసుపో రంగు వేసి ఉంటే మాత్రం వద్దు, ఆ రంగంతా పిల్లలకి పూస్తుంది.

ఫోన్‌తో తీసేవాళ్లే ఎక్కువ కాబట్టి వాళ్లకి కొంచెం వివరంగా. ముందు లెన్స్ తుడవండి, పిల్లల చేతుల జిడ్డంతా దాని మీదే ఉంటుంది. తర్వాత నైట్ మోడ్ ఆపేయండి, అది ఎక్కువసేపు వెలుగు తీసుకుని కలుపుతుంది కాబట్టి కదలని గదికి బ్రహ్మాండంగా ఉంటుంది, కదిలే పిల్లకి పనికిరాదు. ఐఫోన్‌లో చంద్రుడి గుర్తు నొక్కి ఆఫ్‌కి జరపాలి. 1ఎక్స్‌లోనే తీయండి, మెయిన్ కెమెరాకే పెద్ద సెన్సర్ ఉంటుంది, 3ఎక్స్ నొక్కితే వెలుగు పోతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రో మోడ్ ఉంటే షటర్ 1/125, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి చూడండి. ఐఫోన్ సొంత కెమెరాలో షటర్ స్పీడ్ మార్చే వీలుండదు కాబట్టి లైట్లు పెంచి, బటన్ ఎడమ పక్కకి లాగి బర్స్ట్ (వరసగా బోలెడు ఫోటోలు) తీసుకుని ఒకటి ఏరుకోండి.

ఎలాంటి కెమెరా అయినా, పిల్లల కదలికలో ఆగే క్షణాలు వెతకండి. ఉయ్యాలబల్ల ఊగుతూ పైకి పోయి వెనక్కి తిరిగే చోట ఒక్క క్షణం నిలుస్తుంది, ఎగిరిన పిల్లాడూ పైన అంతే. అక్కడ నొక్కితే 1/125తో కూడా షార్ప్‌గా వస్తుంది.

కెమెరాలో రా ఫైల్ (సెన్సర్ పట్టిన వివరాలన్నీ దాచే ఫైల్) ఆన్ చేసి ఉంచుకోండి, రంగులు సర్దడానికి చాలా వెసులుబాటు దొరుకుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, నాయిస్ వస్తుందని డార్క్‌గా తీసి తర్వాత పైకి లాగితే నీడల్లో ఇంకా ఎక్కువ నాయిస్ వస్తుంది, తీసేటప్పుడే ముఖం వెలుగ్గా ఉండేట్టు ఐఎస్ఓ పెంచడమే మంచిది. డీనాయిస్ స్లైడర్‌ని చివరిదాకా లాగకండి, చర్మం మైనంలా అయిపోతుంది, సగం దగ్గర ఆపండి. రెండు రకాల లైట్లు కలిసిపోయి రంగులు ఎంతకీ కుదరకపోతే ఆ ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, గ్రెయిన్ కూడా అందులో అందంగానే ఉంటుంది.