స్లాబ్ కింద సపోర్టులు తీసే ముందు

పోయిన నెల మాకు తెలిసిన ఒక బృందం స్లాబ్ వేసిన ఐదో రోజే సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే షీట్లు, సపోర్టులు) విప్పేసింది. ముందువైపు వరండా ముక్క ఊడిపడి, కింద షీట్లు అందుకుంటున్న ఆవిడ కాలు విరిగింది. ఆ ఇల్లు ఆవిడది కాదు. తన ఇంటికి వాళ్లు పని చేశారని, వాళ్ల ఇంటికి సాయం వచ్చింది.

హెల్మెట్లు, బూట్ల సంగతి అందరూ చెబుతారు. నాకు భయమేసేది వేరే చోట. కుటుంబాలు కలిసి ఒకరి ఇల్లు ఒకరు కట్టుకునేటప్పుడు సెంట్రింగ్ సామాను ఒకే సెట్టు ఉంటుంది. ఈ ఇంటి కింద నుంచి వస్తేనే తర్వాతి ఇంటికి స్లాబ్. వంతు కోసం చూస్తున్నవాళ్లు "పైన గట్టిపడింది కదా అన్నా, విప్పేద్దాం" అంటారు. కాదనడానికి మొహమాటం. స్లాబ్‌లు కూలడానికి ఈ మొహమాటమూ ఒక కారణం.

పైన నడిస్తే గట్టిగా తగలడం వేరు, తన బరువు తాను మోయడం వేరు. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. ఏడో రోజుకు వచ్చేది అందులో సుమారు మూడింట రెండు వంతులే. చలి ఉన్నా, పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన) సిమెంటు వాడినా ఇంకా ఆలస్యం. అవి కలపని మామూలు సిమెంటు (ఓపీసీ)తో, ఆధారం నుంచి ఆధారానికి 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబ్‌కు కనీసం 7 రోజులు, దాటితే 14. బీములకు 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. ఇంజనీరు చూడని పనిలో అయితే నేను 14 రోజుల ముందు ఏ గదినీ ముట్టుకోనివ్వను.

విప్పే తేదీ గోడ మీద రాయండి. విప్పమనే మాట వంతు కోసం చూస్తున్న కుటుంబం నుంచి రాకూడదు. ఈలోగా వాళ్ల ఇంటి గోడలు లేపండి. కుదిరితే రెండో సెట్టు అందరూ కలిసి అద్దెకు తెచ్చుకోండి.

గదిలో సపోర్టులు మధ్య నుంచి గోడల వైపు తీయాలి. సన్‌షేడ్‌కు బయటి అంచు నుంచి గోడ వైపు. సన్‌షేడ్ రాడ్లు పైభాగంలోనే ఉండాలి, కాంక్రీటు పోసేటప్పుడు తొక్కి కిందికి దించొద్దు. జారుగా ఉండాలని మాలులో నీళ్లు పోయొద్దు. సపోర్టుల కింద ఇటుక ముక్కలు పెట్టొద్దు, చెక్క పలకలు వేయండి. పచ్చి స్లాబ్ మీద ఇటుకలు పేర్చొద్దు. కరెంటు తీగల కింద రాడ్లు నిలబెట్టి మోయొద్దు. లోతు గోతిలోకి పక్క మట్టికి ఆపు పెట్టకుండా దిగొద్దు. విప్పే రోజు పిల్లలు ఆ ఇంటి దరిదాపుల్లో ఉండొద్దు. తేదీ రాకుండా విప్పొద్దు. మేస్త్రి చెప్పినా విప్పొద్దు. సొంత తమ్ముడు బతిమాలినా విప్పొద్దు.