కరెంటు ఏది మంచిదో తేల్చాలంటే ముందు ఒక్క యూనిట్ లెక్క తీయండి

ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఉండే మనకి మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కోలాబ్ జలవిద్యుత్ ప్రాజెక్టులు కళ్ళ ముందే ఉన్నాయి. అందుకని మనది నీళ్ళ కరెంటు, పొల్యూషన్ లేదు అనుకోవడం సులువు. కానీ గ్రిడ్‌లో, అంటే దేశమంతా కలిపిన కరెంటు లైన్లలో, అన్నీ కలిసిపోతాయి, అందులో బొగ్గు కరెంటే ఎక్కువ.

పోల్చేటప్పుడు మెగావాట్లు (ప్లాంటు సామర్థ్యం) చూడకండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒక మెగావాట్ సోలార్ ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది, బొగ్గు ప్లాంటు అదే మెగావాట్‌కి 50 లక్షలు దాటించగలదు. కాబట్టి ఏ లెక్కైనా యూనిట్‌కి ఎంత అనే అడగాలి.

తర్వాత గని తవ్వడం, సిమెంటు, ప్యానెళ్ళ తయారీ, అన్నీ కలిపిన లెక్క చూడండి. ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2014 నివేదికలోని మధ్యస్థ అంకెల ప్రకారం, నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి బొగ్గు కరెంటైతే వాతావరణాన్ని వేడెక్కించే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కన, 82 కిలోలు, గ్యాస్ అయితే 49, ఇంటి మీద సోలార్ అయితే 4, నీళ్ళైతే రెండున్నర కిలోలకు కాస్త తక్కువ, గాలి, అణు విద్యుత్తు అయితే కిలోకి కొంచెం పైన. పైగా మన దేశపు బొగ్గులో బూడిద 30–40 శాతం ఉంటుంది, అంటే ఆ 100 యూనిట్లకే 20 కిలోల పైన బూడిద ఎక్కడో ఒక ఊరి పక్కన పడుతుంది.

అంకెల్లో బొగ్గు మీద నీళ్ళు గెలిచాయి కదా అని అక్కడితో ఆగకండి, దయచేసి. బలిమెల జలాశయం వెనక ఉన్న ఊళ్ళని కటాఫ్ ఏరియా అని ఎందుకంటున్నాం? నీళ్ళు దారిని మింగేశాయి, 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా అక్కడివాళ్ళు ఆసుపత్రికి పోవాలన్నా పడవే గతి. ఈ బాధ కార్బన్ లెక్కలో ఎక్కడా కనిపించదు, అయినా అది కరెంటు ఖరీదే. ఇంకోటి, చెట్లూ చేమలూ మునిగి కుళ్ళితే మీథేన్ వస్తుంది, అదీ వాతావరణాన్ని వేడెక్కించే వాయువే, అందుకే ఐపీసీసీ అంకెల్లో కొన్ని జలాశయాలు బొగ్గునే మించిపోయాయి. అన్ని డ్యాములూ ఒకటి కాదు. కొత్త ప్రాజెక్టు అంటూ ఎవరు వచ్చినా ఎంత భూమి పోతుంది, ఎవరిది పోతుంది, దారి ఎవరికి తెగుతుంది అని గ్రామసభలో అడగండి, రాతపూర్వకంగా అడగండి.

నా మటుకు ముందు ఇంటి కప్పు మీద సోలారే, ఎవరి భూమీ మునగదు. రెండు కిలోవాట్లు పెడితే నెలకు సగటున 200 యూనిట్ల పైనే వస్తాయి. కాకపోతే మన కొండల్లో ముసురు పట్టిందంటే ఉత్పత్తి బాగా తగ్గుతుంది, అందుకని ఏప్రిల్, మే అంకెలు చూపించి బేరం పెట్టేవాళ్ళని ఏడాది మొత్తం యూనిట్లు ఎన్నో అడిగి, ఆ అంకె కాగితం మీద పెట్టించుకోండి.