ఒకే ట్యాంక్‌లో రెండు పాములు: ఏ సమస్య ఎందుకొస్తుంది, ఏం చేయాలి

అమెరికాలో ఉన్న మనవాళ్లలో కొందరు పిల్లల గోల పడలేక విషం లేని పెంపుడు పాముల్లో ఒక కార్న్ స్నేకో బాల్ పైథానో కొంటారు, నెల తిరక్కుండానే "పాపం ఒంటరిగా ఉంది" అని ఇంకోటి తెచ్చి అదే ట్యాంక్‌లో (పాము ఉండే గాజు పెట్టెలో) వేసేస్తారు. ఈ రెండు రకాలకీ తోడు అక్కర్లేదు, జత కట్టే సీజన్ తప్పిస్తే అడవిలో దేని దారి దానిదే. ఇండియాలో ఉన్నవాళ్లకైతే ముందు చట్టం సంగతి: మన నేల పాముల్ని పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుదరదు, బాల్ పైథాన్‌లా సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) లిస్టులో ఉన్న విదేశీ పాముని 2024 రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి.

కింద ఏ సమస్య కనపడినా మొదట చేయాల్సిన పని ఒకటే, విడదీయడం. దాంతో సగం సమస్యలు తీరిపోతాయి, మిగతా సగానికి అదే టెస్ట్, ఎందుకంటే కలిసి ఉన్నంతకాలం తేడా ఏ పాములో ఉందో ఎవరూ చెప్పలేరు.

సమస్య: ఒకటి తింటోంది, ఇంకోటి తినట్లేదు

చాలామంది ట్యాంకుల్లో బాగా వెచ్చగా ఉండే చోటు ఒకటే ఉంటుంది, అక్కడి హైడ్‌ని (దాక్కునే గూటిని) పెద్దది ఆక్రమించేస్తే చిన్నది చల్లటి వైపు పడి ఉంటుంది, పాము ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కాబట్టి బయట వెచ్చదనం దొరక్కపోతే తిన్నది అరగదు, మెల్లగా తిండి మీద ఆసక్తే పోతుంది. ఇందులో మోసం ఏంటంటే పోట్లాట కనపడదు. కొరుక్కోవు, బుస కొట్టుకోవు, ఒకటి మాత్రం చిక్కిపోతూ ఉంటుంది.

ఏం చేయాలంటే మూత లాక్ అయ్యే ప్లాస్టిక్ టబ్ తీసుకుని గాలికి చిల్లులు పెట్టి, వెచ్చటి వైపు ఒకటి చల్లటి వైపు ఒకటి హైడ్లు, నీళ్ల గిన్నె, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కి కలిపిన హీట్ మ్యాట్ పెట్టి చిన్నదాన్ని అందులోకి మార్చండి (థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ వాడొద్దు, పొట్ట కాలిపోతుంది). బాల్ పైథాన్‌కి వెచ్చటి వైపు 88-92 ఫారన్‌హీట్, అంటే 31-33 సెల్సియస్ ఉండాలి, కార్న్ స్నేక్‌కి 85 ఫారన్‌హీట్ సరిపోతుంది. వారం రోజులు దాన్ని కదపకుండా వదిలేసి అప్పుడు చిన్న ఎలుక ఇవ్వండి. తినేసిందంటే కారణం దొరికినట్టే. తినకపోతే కిచెన్ కాటా మీద వారానికోసారి గ్రాముల్లో తూచి రాసుకోండి, బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకపోవడం ఉన్నదే, బరువు నిలబడితే కంగారు లేదు, తగ్గుతుంటే మాత్రం పాముల్లాంటి ఎగ్జోటిక్ జంతువుల్ని చూసే వెట్ (పశువైద్యుడి) దగ్గరికి వెళ్లాలి.

"కానీ రెండూ ఎంత ప్రేమగా చుట్టుకుని పడుకుంటాయో!"

జనరల్ బోగీలో ఒకే సీట్లో ఐదుగురు ఇరుక్కుని కూర్చుంటే వాళ్లంతా చుట్టాలని అనుకోం కదా. మంచి చోటు ఒకటే ఉంది, రెండింటికీ అదే కావాలి, అంతే. నమ్మకం లేకపోతే రెండో వైపు కూడా అంతే వెచ్చగా, అంతే చీకటిగా ఇంకో హైడ్ పెట్టి కొన్ని రోజులు చూడండి.

సమస్య: ఎలుకని కక్కేశారు, ఎవరో తెలీదు

పొద్దున్నే ట్యాంక్ తీస్తే బొచ్చు ఊడి సగం కరిగిన ఎలుక, గదంతా కంపు, రెండు పాములూ మనకేం తెలీదన్నట్టు చూస్తుంటాయి. వేడి చాలకపోయినా, ఎలుక సైజ్ పెద్దదైనా, తిన్న రెండు రోజుల్లోపు చేతిలోకి తీసుకున్నా, పక్కనున్న పాము మీదెక్కి ఇబ్బంది పెట్టినా కక్కుతాయి. విడదీసి 10-14 రోజులు తిండి ఆపండి, తర్వాత మామూలు సైజులో సగం ఉన్న ఎలుకతో మొదలుపెట్టండి.

మళ్లీ కక్కి, పైగా నడుం దగ్గర ముద్దలా ఉబ్బు కనపడితే అది క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కావచ్చు, కార్న్ స్నేక్‌లకి దీంతో ప్రాణం మీదకొస్తుంది. మలం ద్వారా అంటుకుంటుంది, నమ్మకమైన మందు లేదు, మామూలు బ్లీచ్‌కి చావదు. అందుకే రెండో పాముకి కూడా టెస్ట్ చేయించాలి, బాగానే కనపడుతోందని వదిలేయొద్దు.

సమస్య: రోజంతా నీళ్ల గిన్నెలోనే కూర్చుంటోంది

తెల్ల టిష్యూతో ఒళ్లు మెల్లగా తుడిచి చూడండి, గసగసాల కంటే చిన్న నల్ల చుక్కలు కదులుతుంటే మైట్స్, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు. కళ్ల చుట్టూ, గడ్డం కింద పొలుసుల సందుల్లో దూరి ఉంటాయి. కొత్తగా తెచ్చినదాన్ని నేరుగా పాతదాని ట్యాంక్‌లో వేసినందుకు వచ్చే బహుమానం ఇది. కింద పరిచిందంతా కవర్లో కట్టి బయట పారేసి, పేపర్ టవల్స్ వేసి, వెట్ చెప్పిన మందు రెండింటికీ వాడాలి, ఒకదాని మీదే కనపడినా సరే. కుక్కలకి వాడే మందు అందాజాగా కొట్టేయొద్దు. ఇకముందు కొత్త పాము వస్తే 90 రోజులు వేరే గదిలో ఉంచండి, ముందు పాతదాని పని, తర్వాతే కొత్తదాని పని.

నోరు తెరిచి గాలి పీల్చడం, మూతి దగ్గర బుడగలు, గురగురమనడం కనపడితే ఇంటి వైద్యం వద్దు. పైథాన్లలో నిడోవైరస్ కూడా ఇలాగే మొదలవుతుంది, స్వాబ్ టెస్ట్ చేస్తేనే తెలిసేది.

ఎమర్జెన్సీ: ఒకే ఎలుకని రెండూ పట్టుకున్నాయి

లాగొద్దు! పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే దవడ చీరుకుపోతుంది. రెండూ వదలకపోతే ఒకటి ఇంకోదాన్ని తల వైపు నుంచి మింగుకుంటూ పోతుంది, కాబట్టి ఆలోచించే టైమ్ కూడా లేదు, తలల మీద చల్లటి నీళ్ల ధార పట్టండి, అప్పటికీ వదలకపోతే ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కొంచెం నోటి అంచున రాయండి. విడిపోయాక గాయాలు చూసి వెట్‌కి చూపించండి.

కింగ్ స్నేక్‌తో (మన కింగ్ కోబ్రా కాదు, విషం లేని వేరే పాము) అయితే ఎలుక కూడా అవసరం లేదు. పాముల్ని తినడమే దాని పద్ధతి, విషపు రాటిల్ స్నేక్‌ని కూడా తింటుంది. ట్యాంక్‌లో ఒక పాము కనపడకుండా పోయి కింగ్ స్నేక్ లావెక్కి ఉంటే ఇక వెతకాల్సిన పని లేదు.

సమస్య: "రెండూ ఆడవే" అన్నారు, ఇప్పుడేమో గుడ్లు

చిన్న వయసు పాముల్లో ఆడామగా చూపుతో చెప్పడం కష్టం, అనుభవం ఉన్నవాళ్లు ప్రోబ్ అనే సన్నటి పుల్లతో చూస్తారు. ఎదగని ఆడపాము జత కడితే గుడ్డు లోపలే ఇరుక్కునే ప్రమాదం ఉంది. విడదీసినా సరిపోదు, ఆడవి వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలవు, అందుకని గుడ్లు పెట్టడానికి తడి నాచు పెట్టిన డబ్బా ఒకటి లోపల ఉంచండి. కొన్ని గుడ్లు పెట్టి మధ్యలో ఆగిపోయి ఇంకా ఉబ్బుగా ఉంటే అదే రోజు వెట్ దగ్గరికి.

మరి కలిపి పెంచే పాములే లేవా?

గార్టర్ స్నేక్‌లు ఉన్నాయి. కెనడాలో మానిటోబా రాష్ట్రం నార్సిస్ దగ్గర సున్నపురాయి గుంటల్లో వేల సంఖ్యలో కలిసి చలికాలం గడుపుతాయి, ఇళ్లల్లో కూడా వీటిని గుంపుగా పెంచేవాళ్లున్నారు. కానీ అన్నీ ఒకే సైజ్, ఒకే లింగం అయ్యుండాలి, ఎన్ని పాములో అంతకంటే ఎక్కువ హైడ్లు ఉండాలి, తిండి పెట్టేటప్పుడు మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో పెట్టి, తిండిగా వేసిన చేప వాసన ఒంటి మీద నుంచి పోయేదాకా తిరిగి కలపకూడదు.