చివిత ది బాన్యోరెజ్జోకి బయల్దేరే ముందు ఇవి చూస్కోండి

ఇటలీలో గుట్ట మీదున్న ఈ పాత ఊరిని రోమ్ నుంచి ఒక్కరోజులో చూసొద్దాం అనుకునేవాళ్ళు ముందు అది ఏ వారమో చూస్కోండి, ఎందుకంటే ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు, ఓర్వియెతో అనే ఊరి దాకా ట్రైన్, అక్కడ్నుంచి చివిత పక్కనున్న బాన్యోరెజ్జోకి బస్సు, ఆ బస్సేమో ఆదివారాలూ పండగ రోజులూ ఉండదు, కాబట్టి ఆదివారం అస్సలు పెట్టుకోవద్దు. తిరుగు బస్సు టైమ్ ఫోటో తీసి ఉంచుకోండి, మిస్సయితే టాక్సీకి బాగానే వదులుతుంది.

- పేపర్ టికెట్ అయితే ట్రైన్ ఎక్కేముందు స్టేషన్‌లో మెషీన్‌లో స్టాంప్ కొట్టించాలి, లేకపోతే ఫైన్.
- చెప్పులొద్దు, గ్రిప్ ఉన్న బూట్లు. చివితలోకి 1965లో కట్టిన కాలిబాట వంతెన ఒక్కటే దారి, దాదాపు 300 మీటర్లు, చివర్లో ఎత్తు బాగా ఉంటుంది, కార్లు పోవు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే మోకాళ్ళ సంగతి ముందే ఆలోచించండి, వీల్‌చెయిర్‌కైతే నిజంగా కష్టం.
- వంతెన దగ్గర ఎంట్రీ టికెట్ ఉంది, 2013లో మొదలెట్టారు. చిల్లర ఉంచుకోండి.
- గాలి, వాన ఉంటే వేరే రోజు చూస్కోండి. ఎండాకాలమైతే నీళ్ళ బాటిల్, టోపీ, వంతెన మీద నీడనేదే లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, అంచుల దగ్గర సెల్ఫీలొద్దు బాబూ. ఎట్రుస్కన్ల (రోమన్ల కన్నా ముందు ఇక్కడున్న జనం) కాలం నాటి ఈ ఊరు మెత్తటి అగ్నిపర్వత రాయి మీద ఉంది, కింద బంకమట్టి, వానకి కోసుకుపోతూ అంచులు విరిగి పడుతుంటాయి, చచ్చిపోతున్న ఊరని అక్కడివాళ్ళే అంటారు. ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, గుమ్మాల్లోకి తొంగిచూడకండి.

టైమ్ మిగిలితే బొల్సేనా సరస్సు దగ్గర్లోనే, కానీ సొంత కారుంటేనే.