పార్టీలు, ఆర్థిక సంస్కరణల మీద పరిశోధన: కెరీర్ ఎలా మొదలుపెట్టాలి?

చదువు సంగతి ముందే తేల్చేద్దాం. రాజనీతి శాస్త్రంలో ఎంఏ, బడ్జెట్ పత్రం అర్థమయ్యేంత ఆర్థిక శాస్త్రం, అంకెలు చూసి బెదరనంత గణాంక శాస్త్రం, ఆపైన పీహెచ్‌డీ. మీరు పరిశోధించే దేశం భాష రావాలి. ల్యాప్‌టాప్ ఏదైనా ఫర్వాలేదు.

తర్వాత టాపిక్. ‘సంస్కరణల్లో పార్టీల పాత్ర’ అని రాసుకొచ్చిన వాళ్లను నేను గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతాను. దాని మీద ఒక జీవితం సరిపోదు. ఒక పార్టీ, ఒక చట్టం తీసుకోండి, చాలు.

మెటీరియల్‌కి కొరత లేదు. సభా చర్చలు, బడ్జెట్ ప్రసంగాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మేనిఫెస్టో ప్రాజెక్ట్ వాళ్లు 1945 తర్వాతి మేనిఫెస్టోలను 50కి పైగా దేశాల నుంచి తెచ్చి, ముక్క ముక్కగా వర్గీకరించి పెట్టారు.

ఇక అందరూ బోల్తా పడే చోటుకి వద్దాం. ఒక సంస్కరణపై పార్టీ అసలు వైఖరి ఏమిటి? చాలామంది మేనిఫెస్టోలో ఒక వాక్యం పట్టుకుంటారు, తర్వాత వచ్చిన చట్టం చూస్తారు, ‘పార్టీ మారిపోయింది’ అని రాసేస్తారు. అర్జెంటీనాలో 1989 అధ్యక్ష ఎన్నికల్లో మెనెం జీతాలు బాగా పెంచుతానని గెలిచారు. మరుసటి ఏడాదే ప్రభుత్వ టెలిఫోన్ సంస్థను, విమానయాన సంస్థను అమ్మేశారు. న్యూజిలాండ్‌లో 1984లో గెలిచిన లేబర్ పార్టీ, పేరుకు కార్మికుల పార్టీయే, వస్తూనే కరెన్సీ విలువను 20 శాతం తగ్గించింది. నిజంగా పార్టీలే మారాయా, ఖజానా పరిస్థితి మెడ మీద కత్తి పెట్టిందా? మేనిఫెస్టో ఒక్కటే చదివితే ఇది తేలదు.

నేను చేసే పని ఇది: అదే విషయంపై అదే పార్టీ అధికారంలో ఉండి ఏమంది, ప్రతిపక్షంలో ఉండి ఏమంది అని పక్కపక్కన పెడతాను. మన బీమా రంగాన్నే చూడండి. 1997లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం తెచ్చిన బిల్లు, విదేశీ కంపెనీల ప్రవేశంపై బీజేపీ, వామపక్షాల అభ్యంతరాలతో వెనక్కి పోయింది. 1999లో బీజేపీ నాయకత్వంలోని ప్రభుత్వమే 26 శాతం విదేశీ వాటాకు చట్టం చేసింది. దాన్ని 49కి పెంచాలని 2008లో యూపీఏ తెచ్చిన బిల్లు ఏళ్ల తరబడి నానింది. చివరికి 2015లో ఎన్డీయే దాన్ని గట్టెక్కించింది. వామపక్షాలు మాత్రం మొదటి నుంచీ వద్దనే అన్నాయి, 1997లో ఆ ప్రభుత్వం వైపే ఉండి కూడా. వాళ్లది వైఖరి. మిగతా వాళ్ల మాటల్లో కుర్చీ వాటా ఎంతో లెక్క తీయడమే మీ థీసిస్.

దీనికి నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: తేదీ, అన్న మాట, ఆ రోజు ఏ వైపు కూర్చున్నారు. చేత్తోనే రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే వాళ్లు మూడో గడి మర్చిపోతారు, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నలభై దేశాలను ఒకే టేబుల్‌లో పోసి, ప్రతి పార్టీకీ కుడి ఎడమల మధ్య ఒక అంకె ఇచ్చే పద్ధతికీ ఇదే జబ్బు. పార్టీకి అంకె ఉంటుంది, కుర్చీకి ఉండదు.

ఈ గడులు నిండకుండా ఇంటర్వ్యూలకు వెళ్లకండి. పాతికేళ్ల తర్వాత ఎవరిని అడిగినా ‘నేను మొదటి నుంచీ అనుకూలమే’ అంటారు. ఒక మాజీ మంత్రి నాతోనూ అలాగే అన్నారు. ఆయన పాత ప్రసంగం కాపీని టీపాయ్ మీద పెట్టాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా ‘అప్పుడు పార్టీ లైన్ అది’ అన్నారు. అసలు ఇంటర్వ్యూ అక్కడే మొదలైంది.

రాయడం పెద్ద కష్టం కాదు. మొదటి అధ్యాయం చివర రాయండి. ఉద్యోగానికి వెళ్లేలోపు థీసిస్ నుంచి రెండు వ్యాసాలు జర్నల్స్‌కి పంపండి. ఒకటి తిరిగొస్తుంది, టెన్షన్ పడకుండా ఇంకోచోటికి పంపండి. పంపే ముందు మాత్రం మూడో గడి ఖాళీగా ఉన్న వరుసలన్నీ కొట్టేయండి.