అవతలివాళ్ల అర్జీ కూడా మీరే రాయండి

కర్నూలు కలెక్టరేటు ఎదుట ఒక జిరాక్సు షాపు అరుగు మీద ఇరవై ఆరేళ్లుగా అర్జీలు రాస్తున్నాను. మొదట్లో టైపు మిషను, కార్బను కాగితం. ఇప్పుడు కంప్యూటరు, తెలుగు కొట్టడానికి 'అను' ఫాంట్లు. సోమవారం సునయన ఆడిటోరియంలో అధికారులు అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆ రోజు పొద్దున ఏడింటికే నా దగ్గర జనం. పొట్లం కట్టించుకున్న ఉగ్గాని మధ్యాహ్నానికి చల్లారి ముద్దయ్యాక తింటాను. తమాషా ఏమంటే, గట్టు తగాదాలో పదింటికి అన్న అర్జీ, పదకొండింటికి తమ్ముడి అర్జీ, రెండూ నేనే రాసిన రోజులున్నాయి. రాస్తున్నంతసేపూ ఎవరిది వాళ్లకు న్యాయంగానే కనిపిస్తుంది.

అందుకేనేమో, షాపు దగ్గరి కుర్రోళ్లు నన్ను పట్టుకుంటారు. "ఉచిత బస్సు మంచిదా కాదా అన్నా? ఇంగ్లీషు మీడియం సంగతేంది?" తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఎట్లా తూచాలో మాత్రం చెప్పగలను. అర్జీ రాసినట్టే. ఒక తెల్లకాగితం, పెన్ను, అరగంట టైము కావాలి. ఫోను కాసేపు బోర్లా పెట్టండి.

ముందు మూడు ముక్కలు చేయండి

ఏ అర్జీలోనైనా ఉండేవి మూడే: జరిగింది, బాధ, కోరిక. వచ్చినోళ్లు మూడూ కలేసి చెప్తారు. ముందు తిట్లు, తర్వాత ఏడుపు, ఎక్కడో చివర్లో విషయం. వాటిని విడదీసి మూడు పేరాలు చేసినందుకే నాకు డబ్బులిస్తారు. టీవీలో వాదన విన్నా, ఇంట్లో బావమరిది వాదించినా, ముందు కాగితం మీద ఈ మూడూ విడివిడిగా రాసుకోండి.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా ఐదు రకాల బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్టు. కొన్ని వారాలకు కోడుమూరు దారిలో షేర్ ఆటో తోలే ఒకాయన వచ్చి, "పథకం రద్దు చేయాలని రాయన్నా" అన్నాడు. జరిగింది: రోజుకు ఆరు ట్రిప్పులు తిరిగే బండి మూడుకు పడిపోయింది. (ట్రిప్పుకు ఎంతమందిని ఎక్కించుకునేవాడో నేను రాయలేదు. రాస్తే ఆర్టీవో ఆఫీసుకు ఇంకో అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది.) బాధ: ఫైనాన్సు కిస్తీ. కోరిక: రద్దు. అక్కడ నేను ఆగి అడిగినాను: "బస్సు రద్దయితేనేనా, లేక కిస్తీకి దారి దొరికినా సరేనా?" ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూసి, "కిస్తీ అన్నా" అన్నాడు.

ఆ వారంలోనే కూరగాయల గంపతో ఒకామె. "టికెట్టు లేకపోతే ఏం లాభమన్నా, బస్సు మా స్టేజీలో ఆగితే కదా!" జరిగింది: పొద్దుటి బస్సు ముందు ఊళ్లోనే నిండిపోయి ఆపకుండా పోతోంది. బాధ: వంకాయలు వాడిపోతున్నాయి. కోరిక: ఇంకో ట్రిప్పు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. జరిగినదాంట్లో తగాదా లేదు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. బాధలోనూ లేదు. ఉన్నదల్లా కోరికలో, అందులోనూ కొంతే. ఆటో డ్రైవర్లకు తలా 15 వేలు ఇచ్చే పథకం ఆ అక్టోబరు 4న మొదలైంది. అది చాలుతుందా లేదా అని వాదించుకోవచ్చు, కానీ అది బస్సు ఉండాలా వద్దా అన్న వాదన కాదు.

ఇక మూడోరకం మనిషి ఒకరుంటారు. "ఆ డబ్బులు రోడ్లకు పెడితే పోదా" అనేవాళ్లు. అదీ న్యాయమైన ప్రశ్నే. దాన్ని దాని కాగితం మీదే రాయాలి, ఆటో డ్రైవరు కన్నీళ్ల వెనక దాచి కాదు. వాదన వింటున్నప్పుడు ఎవరి బాధను ఎవరు అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నారో కనిపెట్టండి. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

మీకు నచ్చనివాళ్ల తరఫున రాయండి

ఇది కష్టమైన పని. నాకు దీన్ని నేర్పింది దేవరగట్టు నుంచి వచ్చిన ఒక పెద్దాయన.

హొళగుంద మండలంలో దేవరగట్టు కొండ మీద విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం జరుగుతుంది. ఆ తర్వాత ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తాండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఒకవైపు కర్రలతో తలపడతారు. ఏటా పదులమందికి తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. మొత్తం ఆపేయాలన్నది నా మాట. ఆ పెద్దాయన అడిగిందేమో ఆ రాత్రి ఇంకో వైద్య శిబిరం, ఇంకొన్ని లైట్లు. నేను టకటకా కొట్టేసినాను: "సంప్రదాయం పేరుతో జరిగే కర్రల సమరమునందు..."

మనవడితో చదివించుకున్నాడు. "ఆపు నాయనా" అన్నాడు. "సమరం అనేది పేపరోళ్ల మాట. మేం బన్ని అంటాం. అదన్నా పోనీలే. 'పేరుతో' అంటే ఏంది? దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మేమేదో దొంగతనం చేస్తున్నట్టు లేదూ? ఆ మాట తీసేయ్."

ఒక్క మాటలో నా తీర్పంతా దూరిపోయి ఉంది, నాకే తెలియకుండా. తీసేసి మళ్లీ కొట్టినాను: "స్వామివారి ఉత్సవమూర్తులను కాపాడుకొనుటకు మా మూడు ఊళ్లవారు తరతరాలుగా జరుపుకొను బన్ని ఉత్సవమునందు..." విని తల ఊపి, వేలిముద్ర వేసినాడు.

కర్రలు పక్కన పెట్టాలన్నది ఇప్పటికీ నా మాట. అయితే ఇప్పుడు నా వాదనలో "మూఢనమ్మకం" లేదు. మద్యం, చీకటి, కర్రలకు తొడిగే ఇనుప రింగులు ఉన్నాయి. అవి ఆ పెద్దాయన కూడా కాదనలేనివి.

మీరూ అట్లా రాసి చూడండి. అవతలి మనిషి చదివి "ఔను, నేను చెప్పేది ఇదే" అని సంతకం పెట్టేలా ఉంటేనే మీకు అర్థమైనట్టు. రాసినదాంట్లో "తాయిలాలు", "పేరుతో", "అభివృద్ధి నిరోధకులు", "అనాగరికం" లాంటివి దొరికితే కొట్టేయండి. మీ వైపు కాగితంలో "హక్కు", "ఆత్మగౌరవం" ఎన్నిసార్లు వచ్చాయో కూడా లెక్కపెట్టండి. అవీ బరువు చూపించే మాటలే, బరువు కాదు.

జత చేసిన కాగితాలు ఏవి?

అర్జీ అడుగున "జతపరచినవి" అని ఒక వరుస ఉంటుంది. ఆ వరుస ఖాళీగా ఉన్న అర్జీ ఎంత ఏడ్చినా కదలదు.

ఇంగ్లీషు మీడియం గొడవే తీసుకోండి. "కోర్టు ఇంగ్లీషు మీడియం వద్దంది" అని ఒకాయన, "పేదోళ్లకు ఇంగ్లీషు రానీయకుండా కోర్టుకెక్కినారు" అని ఇంకొకాయన. కాగితాలు చూస్తే: 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం తెస్తూ జీవో 81, దాన్ని సవరిస్తూ జీవో 85 వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండిటినీ కొట్టేసింది. ఇంగ్లీషు నేర్పడం తప్పని కాదు, మీడియం ఎంచుకునే వీలు తీసేయడం తప్పని. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 29లో, బోధన సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలని ఉంది. ఒకరు "మాతృభాష" మాత్రమే చదివి వినిపిస్తారు, ఇంకొకరు "సాధ్యమైనంతవరకు" దగ్గర వేలు పెడతారు. వాక్యం ఒక్కటే. ఆదోనికి పోతే ఆ మాతృభాష కొందరికి ఉర్దూ, కొందరికి కన్నడం అన్న సంగతి రెండువైపులవాళ్లూ మరిచిపోతారు.

కాబట్టి ఎవరైనా "చట్టం చెప్పింది" అంటే నంబరు అడగండి. నంబరు చెప్తే వాక్యం చివరిదాకా చదవండి.

అరుగు దాకా రానివాళ్లు

ఇది చెప్పడానికి నాకే సిగ్గు.

పదేళ్ల కిందటి మాట. జిల్లా పడమటి వైపు నుంచి ఒక తండ్రి, పక్కన కూతురు. కూతురికి పుట్టిన తేదీ ఆలస్యంగా నమోదు చేయించాలని అర్జీ. ఆ ఇంట్లో వాళ్లు ఏటా సుగ్గికి, అంటే కూలికి వలస, గుంటూరు మిరప చేలకు పోతారు. ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా ఊళ్లో వదల్లేరు, తీసుకుపోతే చేను గట్టున గుడారంలో పడుకోబెట్టాలి. "ఒకయ్య చేతిలో పెడితే నాకు నిద్ర పడుతుంది సా" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. పెళ్లికి పద్దెనిమిది నిండినట్టు ఆయన చెప్పిన తేదీ చెప్పినట్టు కొట్టి, ముప్పై రూపాయలు తీసుకున్నాను. ఆ పిల్ల బడి సంచీ ఎదకు హత్తుకుని నిలబడే ఉంది. ఆమెను ఒక్క మాట అడగలేదు. పదో తరగతి చదువుతోందని తర్వాత వేరేవాళ్లు చెప్పినారు.

రెండువైపులా వినడమంటే నోరున్న రెండువైపులే అనుకోవడం నేను చేసిన తప్పు. కాగితం కింద ఒక వరుస వదిలి, "ఈ విషయంలో ఎక్కువ దెబ్బ ఎవరికి తగులుతుంది, వాళ్లు మాట్లాడినారా?" అని రాసుకోండి. మాట్లాడకపోతే వాళ్లకోసం ఇంకో కాగితం తీయాల్సిందే.

ఇంకోటి. రెండు పక్కలూ విన్నాక తక్కెడ ముల్లు మధ్యలోనే నిలవాలని ఎక్కడా లేదు. ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 నిండకుండా పెళ్లి చేయకూడదని 2006 చట్టం. అయినా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మందికి 18లోపే పెళ్లయిందని తేలింది. ఆ తండ్రి భయం నిజమే. దానికి మందు హాస్టలు సీటు, కస్తూర్బా బడి. తాళి కాదు. ఇది తేలిపోయిన లెక్క. ఆడపిల్ల పెళ్లి వయసును 21కి పెంచాలని 2021 డిసెంబరులో పార్లమెంటులో బిల్లు పెట్టినారే, 17వ లోక్‌సభతో పాటు అది మురిగిపోయింది, అది మాత్రం తూచాల్సిన లెక్కే. చదువుకు టైము దొరుకుతుందని ఒకవైపు, ఇష్టపడి చేసుకున్న పంతొమ్మిదేళ్లవాళ్ల మీద పెద్దలు కేసులు పెడతారని ఒకవైపు. తేలినదాన్నీ తేలనిదాన్నీ ఒకే తక్కెడలో వేసి "రెండువైపులా న్యాయముంది" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాగితం మడిచే ముందు మూలన ఒక ముక్క రాసుకోండి: "ఏం తెలిస్తే నా మాట మార్చుకుంటాను?" ఏమీ తట్టకపోతే, మీరు తూచడం లేదు, ముల్లును వేలితో పట్టుకున్నారు. కాగితం చింపి, టీ తాగి, రేపు మొదలుపెట్టండి.

ఆ కూరగాయలామె అర్జీ సంగతి చెప్పలేదు కదా. సోమవారం పొద్దున సంతకానికి ఆమెను తన ఆటోలో దింపింది మొన్నటి డ్రైవరే. చెల్లెలంట! ఇద్దరూ ఎదురెదురు అర్జీలు పట్టుకుని నా అరుగు మీద కూర్చున్నారు. ఆయన ఆమె కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివినాడు.

"ఎనిమిదింటి బస్సు అని రాసినావేందన్నా? నాకు గిరాకీ దొరికేదే ఎనిమిదింటికి. ఈమెకు మార్కెట్టుకు పోవాల్సింది ఆరున్నరకు. ఆరున్నర అని మార్చు."

చెల్లెలి వైపు చూసినాను. ఆమె తలూపింది. మార్చి ప్రింటు తీసినాను.