ఫ్లూ టీకా శిబిరంలో ఏఈఎఫ్ఐ నిఘా: ‘నిల్’ రాసే ముందు

ఫ్లూ టీకా వేయించుకున్నాక చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం మామూలే. కాబట్టి వందల మందికి టీకా వేసి ‘నిల్’ (ఇబ్బందులేమీ లేవని) రిపోర్టు పంపిన పీహెచ్‌సీలో ఎవరికీ ఏమీ కాలేదని కాదు, ఎవరూ అడగలేదని అర్థం.

టీకా తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా ఏఈఎఫ్ఐ (టీకా తర్వాత కనిపించే ప్రతికూల ఘటన) కిందే రాయాలి. టీకా వల్లే వచ్చిందా లేదా అన్నది ఏఈఎఫ్ఐ కమిటీ తేలుస్తుంది. రిజిస్టర్లో బ్యాచ్ నంబరు, గడువు తేదీ, సూది వేసిన సమయం, లక్షణం మొదలైన సమయం తప్పకుండా ఉండాలి. ‘మధ్యాహ్నం’ అంటే చాలదు, 12:10 అని రాయాలి. శిబిరం మధ్యలో బ్యాచ్ మారితే అక్కడ గీత కొట్టి కొత్త నంబరు వేయాలి. ఎక్కువచోట్ల తప్పేది ఇక్కడే.

వేయించుకున్నవాళ్లను అరగంట నీడలో కూర్చోబెట్టాలి. ఒంగోలు ఎండలో ఖాళీ కడుపుతో వరుసలో నిలబడినవాళ్లు సూది పడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. అది సొమ్మసిల్లడమైతే ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, నాడి నెమ్మదిస్తుంది, పడుకోబెడితే నిమిషాల్లో తేరుకుంటారు. అనాఫిలాక్సిస్ (ప్రాణాపాయమైన తీవ్ర అలర్జీ) అయితే దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు, వాంతులు కనిపిస్తాయి, నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకుంటుంది. అప్పుడు ముందు ఎవిల్ (అలర్జీ మందు), డెక్సా (స్టెరాయిడ్) వేసి చూద్దామనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. పెద్దవాళ్లకైతే 1:1000 అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ మధ్యలో బయటివైపు కండలోకి వేయాలి. పిల్లలకు కిట్‌లోని వయసు చార్టు ప్రకారం ఇవ్వాలి. ఏఎన్ఎం ఒక డోసు వేసేసరికి పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేసి ఉండాలి. కాళ్లు ఎత్తిపెట్టి పడుకోబెట్టాలి, లేపి నడిపించకూడదు. అడ్రినలిన్ ఆంప్యూల్ గడువు ముందురోజే చూసుకోవాలి, రంగు మారితే పారేయాలి.

ఇంటికెళ్లాక అడగడం ఆశా పని, మూడోరోజు ఫోన్ చేస్తే చాలావరకు తెలుస్తుంది. జువ్వలదిన్నె, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో మాత్రం టీకా వేసిన మర్నాడే మగవాళ్లు వేటకు వెళ్లిపోవచ్చు. అక్కడ ఆ సాయంత్రమే ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి అడగాలి. ఉదయగిరి కొండల వైపు సిగ్నల్ అందకపోతే ఇంటికి వెళ్లక తప్పదు.

ఆసుపత్రిలో చేరినా, చనిపోయినా, ఒకేచోట ఇద్దరు ముగ్గురికి ఒకేలా వచ్చినా వెంటనే మెడికల్ ఆఫీసర్‌కు చెప్పాలి. కేస్ రిపోర్టింగ్ ఫారం 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరాలి. వాడిన వయల్‌ను (టీకా సీసాను) పారేయకుండా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆ బ్యాచ్‌లో మిగిలినవి ‘వాడరాదు’ అని రాసి పక్కన పెట్టాలి.

గుంపుగా కేసులొస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్క వయల్, ఒక్క చేతి సూదులకే వచ్చాయా? అయితే వేసిన పద్ధతిలో తప్పుండొచ్చు. వేరే పీహెచ్‌సీల్లోనూ అదే బ్యాచ్‌కు వస్తున్నాయా? అయితే అనుమానం మందు మీదికి వెళ్తుంది. టీకా వేయించుకోనివాళ్లకూ వస్తోందా? అయితే ఊళ్లో తిరుగుతున్న జబ్బే కావచ్చు. 2010లో ఆస్ట్రేలియాలో ఒక ఫ్లూ టీకా తర్వాత చిన్నపిల్లలకు జ్వరంతో ఫిట్స్ ఎక్కువ వస్తున్నాయని తెలిసి, ఐదేళ్లలోపు వాళ్లకు ఫ్లూ టీకాలు ఆపారు.

గిలన్ బారే సిండ్రోమ్ (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ నీరసించే జబ్బు) సంగతి వేరు. టీకా లేకపోయినా ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది. అంటే 10 లక్షల మందికి టీకా వేస్తే, తర్వాతి ఆరు వారాల్లో ఒకటో రెండో కేసులు కాకతాళీయంగానే కనిపిస్తాయి. ఆ ఆరు వారాలూ కాళ్ల నుంచి మొదలై పైకి పాకే నీరసం గురించి అడుగుతూనే ఉండాలి. ప్రతి కేసునూ రాయాలి. పక్కనే ఆ బ్యాచ్‌లో మొత్తం ఎన్ని డోసులు వేశారో రాస్తేనే, వచ్చిన కేసులు ఎక్కువో మామూలో జిల్లాలో లెక్క కట్టగలరు.